పురిటిగదిలో బిడ్డ గుండె చప్పుడు: దేశానికో పద్ధతి

నొప్పులు పడుతున్న తల్లి పొట్టమీద రెండు బిళ్లలు పెట్టి, అవి జారిపోకుండా పట్టీలు బిగిస్తారు. ఒక బిళ్ల బిడ్డ గుండె వేగాన్ని పసిగడుతుంది, రెండోది గర్భసంచి బిగుసుకోవడాన్ని. మంచం పక్కనున్న యంత్రంలోంచి గళ్ల కాగితం మెల్లగా బయటికి వస్తూ ఉంటుంది. దానిమీద పై గీత బిడ్డ గుండెది, కింది గీత తల్లి నొప్పులది. ఆసుపత్రుల్లో అందరూ సీటీజీ అనే యంత్రం ఇదే. ఆ కాగితం ఎంత వేగంగా కదలాలన్నది మాత్రం దేశాన్ని బట్టి మారుతుంది. చాలా దేశాల్లో నిమిషానికి 1 సెంటీమీటరు, నెదర్లాండ్స్‌లో సాధారణంగా 2, ఉత్తర అమెరికాలోనూ జపాన్‌లోనూ 3. నొప్పి వచ్చినప్పుడు ఒక బిడ్డ గుండె నిమిషంపాటు నెమ్మదించి మళ్లీ కోలుకుందనుకోండి. లండన్ కాగితం మీద అది సెంటీమీటరు వెడల్పున్న ఇరుకు గుంటలా కనబడుతుంది. షికాగో కాగితం మీద మూడు సెంటీమీటర్లు పరుచుకున్న పల్లంలా ఉంటుంది. లండన్‌లో చదువుకున్న డాక్టరుకు షికాగో గీత మరీ చదునుగా, కలవరపెట్టేలా కనిపించవచ్చు. బిడ్డ ఒక్కటే, గుండె ఒక్కటే.

కాగితం వేగం చిన్న సంగతే కావచ్చు. కానీ బిడ్డ గుండెను ఎంతసేపటికోసారి వినాలి, చెవితో వినాలా యంత్రంతో వినాలా, గీత తేడాగా ఉంటే ఏం చేయాలి, డేట్ దాటాక ఎన్నాళ్లు ఆగాలి, ఆగకూడదనుకుంటే నొప్పులు దేనితో తెప్పించాలి అనే పెద్ద ప్రశ్నలకు కూడా దేశానికో జవాబు ఉంది. గర్భసంచి పనిచేసే తీరు ఎక్కడైనా ఒకటే. పురిటిగదిలో ఎంతమంది మనుషులున్నారు, వాళ్లకు ఏ భయం ఉంది, ఎంత ఓపిక ఉంది అన్నవి మాత్రం ఒకటి కావు. తేడాలు ఎక్కువగా పుట్టేది అక్కడే. అధ్యయనాలు చదివేకొద్దీ నాకు ఈ సంగతే బలపడుతూ వచ్చింది.

ముందు బిడ్డ సంగతి చూద్దాం. మాయకు రక్తం చేరవేసే తల్లి రక్తనాళాలు గర్భసంచి కండరాన్ని చీల్చుకునే వస్తాయి. నొప్పి వచ్చినప్పుడు ఆ కండరం బిగుసుకుని నాళాలను నొక్కేస్తుంది. ముప్పావు నిమిషమో, నిమిషమో బిడ్డకు అందే ఆక్సిజన్ తగ్గుతుంది. కండరం వదులు కాగానే రక్తం మళ్లీ పారుతుంది. నెలలు నిండి ఆరోగ్యంగా ఉన్న బిడ్డ ఈ ఒడిదొడుకులను తట్టుకునేలానే తయారై ఉంటుంది. నొప్పికీ నొప్పికీ మధ్య దొరికే విరామంలో కోలుకుంటుంది. ఆ విరామం చాలకపోయినా, మాయ సరిగా పనిచేయకపోయినా, బొడ్డుతాడు నలిగిపోతున్నా బిడ్డకు కష్టం మొదలవుతుంది. మామూలుగా బిడ్డ గుండె నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకుంటుంది. నొప్పి తగ్గాక కూడా ఆ వేగం పుంజుకోకపోతే అనుమానించాలి. అందుకే వినడం తెలిసినవాళ్లు నొప్పి తగ్గీ తగ్గగానే వింటారు.

ఈ చప్పుడు వినవచ్చని ప్రపంచానికి తెలిసి రెండు వందల ఏళ్లు దాటింది. 1821లో కెర్గరాడెక్ అనే ఫ్రెంచి వైద్యుడు, అప్పుడప్పుడే పుట్టిన స్టెతస్కోపును గర్భిణి పొట్టమీద ఆనించాడు. ఉమ్మనీటిలో బిడ్డ కదిలే అలికిడి వినబడుతుందేమోనని ఆయన ఆశ. వినబడింది మాత్రం తల్లి నాడికంటే చాలా వేగంగా కొట్టుకుంటున్న మరో గుండె. 1895లో అదే దేశానికి చెందిన అడోల్ఫ్ పినార్ ఈ పనికోసమే బూరలాంటి గొట్టం రూపొందించాడు. నేటికీ ప్రపంచంలో లక్షల కాన్పులు ఆ గొట్టంతోనే జరుగుతున్నాయి. మన ప్రభుత్వాసుపత్రుల్లో పనిచేసిన పాతతరం నర్సులను అడిగితే దాని వాడకం కళ్లకు కట్టినట్టు చెబుతారు. ముందు పొట్టను చేతులతో తడిమి బిడ్డ వీపు ఎటువైపు ఉందో చూసుకోవాలి. గుండె అటువైపే బాగా వినబడుతుంది. వెడల్పు మూతిని అక్కడ ఆనించి, చదునుగా ఉన్న రెండో కొసకు చెవి పెట్టి, గొట్టం మీంచి చెయ్యి తీసేయాలి. చెయ్యి ఉంటే రాపిడి చప్పుడు కలుస్తుంది. ఖాళీ అయిన చేత్తో తల్లి మణికట్టు పట్టుకుని నాడి చూడాలి, లేకపోతే తల్లి రక్తనాళపు చప్పుడునే బిడ్డదనుకునే ప్రమాదముంది. ఇక గడియారం చూస్తూ పూర్తి నిమిషం లెక్కపెట్టాలి. ఆ నిమిషమంతా ఆ మనిషి మరే పనీ చేయలేదు. తల్లిని వదిలి కదల్లేదు కూడా.

యంత్రం ఆ అవసరాన్ని తప్పించింది. అమెరికాలో ఎడ్వర్డ్ హాన్, ఉరుగ్వేలో రొబెర్తో కాల్దేరో బార్సియా, జర్మనీలో కొన్రాడ్ హమాకర్ 1950లు, 60లలో వేర్వేరుగా చేసిన కృషి ఫలితంగా 1968 నాటికి బిడ్డ గుండెను ఎడతెగకుండా రాసే యంత్రం మార్కెట్లోకి వచ్చింది. ఆశలు చాలా పెద్దవి. కాన్పు సమయంలో ఆక్సిజన్ అందకపోవడం వల్లే పిల్లలకు సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతిని కదలికలు అదుపు తప్పే వ్యాధి, వస్తుందని అప్పట్లో చాలామంది నమ్మేవారు. నిమిష నిమిషమూ కనిపెట్టుకుని ఉంటే ఆ వ్యాధినే రూపుమాపవచ్చని అనుకున్నారు. దానివల్ల నిజంగా మేలుందా అని పెద్దయెత్తున పరీక్షించకముందే సంపన్న దేశాల పురిటిగదులన్నీ ఆ యంత్రంతో నిండిపోయాయి.

ఆ పరీక్ష చేసింది డబ్లిన్. అక్కడి నేషనల్ మెటర్నిటీ హాస్పిటల్‌లో 12,964 మంది తల్లులను లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు యంత్రం, రెండో జట్టుకు నర్సు చెవి. 1985లో ఫలితాలు వచ్చాయి. పుట్టగానే ఫిట్స్ వచ్చిన పిల్లలు యంత్రం జట్టులో 12 మంది, చెవి జట్టులో 27 మంది. ఇది నిజమైన లాభమే. కానీ చనిపోయిన పిల్లల సంఖ్య రెండు జట్లలోనూ సమానం. నాలుగేళ్ల తర్వాత ఆ పిల్లలను మళ్లీ పరిశీలిస్తే సెరిబ్రల్ పాల్సీలోనూ తేడా కనబడలేదు. 2017లో కాక్రేన్ సంస్థ సమీక్షకులు 13 అధ్యయనాలను, 37 వేలకు పైగా తల్లుల వివరాలను కలిపి చూసినప్పుడూ ఇదే తేలింది. ఫిట్స్ సగానికి తగ్గాయి. మరణాల్లోగానీ సెరిబ్రల్ పాల్సీలోగానీ తేడా లేదు. సిజేరియన్లు మాత్రం యంత్రం పెట్టిన తల్లుల్లో 60 శాతానికి పైగా ఎక్కువ.

ఇలా ఎందుకైంది? సెరిబ్రల్ పాల్సీ కేసుల్లో ఎక్కువ భాగానికి కారణాలు కాన్పుకు ముందే పడి ఉంటాయని తర్వాత తెలిసొచ్చింది. రెండోది గీత స్వభావం. గీత చక్కగా ఉంటే బిడ్డ బాగున్నట్టే, దాదాపు నమ్మవచ్చు. గీత చెడితే బిడ్డ చెడ్డట్టు కాదు. చెడిన గీతల వెనుక అత్యధికులు ఏ లోటూ లేని పిల్లలే. పైగా ఒకే కాగితాన్ని ఇద్దరు అనుభవజ్ఞులకిస్తే రెండు అభిప్రాయాలు వస్తాయి. కొన్నాళ్ల తర్వాత అదే డాక్టరుకు మళ్లీ చూపిస్తే మూడోది రావచ్చు. మనిషి పొరపాటును కంప్యూటరు సరిదిద్దుతుందేమోనని బ్రిటన్, ఐర్లండ్‌లలో 46 వేలమందికి పైగా తల్లులతో చేసిన అధ్యయనం 2017లో వెలువడింది. హెచ్చరించే సాఫ్ట్‌వేర్ ఉన్నా లేకున్నా పిల్లల ఆరోగ్యంలో తేడా రాలేదు.

ఒకే సాక్ష్యం చదివిన దేశాలు వేర్వేరు దారులు పట్టాయి. ఇంగ్లండ్‌లో వైద్య ప్రమాణాలు నిర్ణయించే నైస్ సంస్థ మార్గదర్శకాలు సూటిగా చెబుతాయి: ప్రమాద సూచనలు లేని తల్లికి సీటీజీ పెట్టవద్దు, కాన్పు చూసే మిడ్‌వైఫ్ పినార్ గొట్టంతోనో చేతిలో పట్టుకునే డాప్లర్ పరికరంతోనో వినాలి. మొదటి దశలో పావుగంటకోసారి, బిడ్డ బయటికి వచ్చే దశలో ఐదు నిమిషాలకోసారి, నొప్పి తగ్గగానే కనీసం నిమిషంపాటు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇంచుమించు ఇదే మాట చెప్పింది. ఆసుపత్రిలో చేరగానే అలవాటుగా ఓ ఇరవై నిమిషాలు సీటీజీ తీయడం కూడా ఆరోగ్యవంతులకు వద్దంది. మన కార్పొరేట్ ఆసుపత్రుల్లో అడ్మిషన్ కాగితాలతోపాటే ఆ పట్టీలు కూడా బిగిస్తారని చాలామందికి అనుభవమే.

అమెరికా దారి వేరు. ప్రమాదం లేనివారికి చెవితో వినడం సమ్మతమేనని అక్కడి ప్రసూతి వైద్యుల సంఘమూ ఒప్పుకుంటుంది. 2019 నాటి సలహాలో దాన్ని ప్రోత్సహించమని కూడా ఆసుపత్రులకు చెప్పింది. ఆచరణలో మాత్రం పదిలో ఎనిమిదికి పైగా కాన్పులు యంత్రం కట్టే జరుగుతాయి. పావుగంటకోసారి చెవితో వినాలంటే ఒక్కో తల్లికి ఒక్కో నర్సు కావాలి. యంత్రాలుంటే గదులన్నింటి గీతలనూ నర్సుల బల్లమీది తెరమీదికి తెచ్చుకుని ఒక్కరే చూడవచ్చు. దీనికి కోర్టు భయం తోడైంది. బిడ్డకు ఏదైనా అయితే చాలా ఏళ్ల తర్వాతయినా దావా రావచ్చు, అప్పుడు ఆ కాగితం చుట్ట సాక్ష్యంగా నిలబడుతుంది. అది డాక్టరును కాపాడుతుందో ముంచుతుందో ఎవరూ చెప్పలేరు. అయినా కాగితం లేకుండా కోర్టుకు వెళ్లడానికి ఎవరికీ ధైర్యం చాలదు. అమెరికాలో గీతలను మూడు తరగతులుగా విభజించారు. మధ్య తరగతిలోకి అత్యధిక గీతలు వచ్చి పడతాయి. అక్కడ ఏం చేయాలన్నది ఆ రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరు అనుభవానికీ భయానికీ వదిలేసినట్టే.

జపాన్ ఈ కోర్టు భయాన్నే నేరుగా పట్టించుకుంది, ఆ పని నాకెంతో నచ్చింది. అక్కడ సుమారు సగం కాన్పులు ఒకరిద్దరు డాక్టర్లుండే చిన్న క్లినిక్‌లలో జరుగుతాయి. గీతలను మూడు కాకుండా ఐదు స్థాయిలుగా విడదీసి, ఏ స్థాయికి ఏం చేయాలో రాసిపెట్టుకున్నారు. 2009 జనవరి నుంచి, నిర్ణీత షరతులకు లోబడి, సెరిబ్రల్ పాల్సీ వచ్చిన బిడ్డ కుటుంబానికి తప్పెవరిదో తేల్చకుండానే 3 కోట్ల యెన్‌ల పరిహారం ఇస్తున్నారు. ప్రతి కేసునూ నిపుణులు పరిశీలించి కారణాలతో నివేదిక రాస్తారు. కుటుంబానికి ఆసరా దొరుకుతుంది, వైద్యులకు పాఠం దొరుకుతుంది. మిగతా దేశాలు అరువు తెచ్చుకోవలసింది యంత్రం కంటే ముందు ఇలాంటి ఏర్పాటు.

ఆఫ్రికా నుంచి వచ్చిన ఒక అధ్యయనానికి రావలసినంత పేరు రాలేదు. జింబాబ్వే రాజధాని హరారేలో 1,255 మంది తల్లులతో చేసిన ప్రయోగం 1994లో అచ్చయింది. అక్కడ నాలుగు జట్లు: సీటీజీ, చేతి డాప్లర్, పరిశోధన కోసమే నియమించిన మిడ్‌వైఫ్ చేతిలో పినార్, ఎప్పటిలాగే రద్దీలో పనిచేస్తున్న మిడ్‌వైఫ్ చేతిలో పినార్. గుండె వేగంలో తేడాలను సీటీజీ 54 శాతం తల్లుల్లో పట్టింది, డాప్లర్ 32, పరిశోధక మిడ్‌వైఫ్ పినార్ 15, రద్దీలోని పినార్ 9 శాతం. పిల్లల పరిస్థితి అన్నింటికంటే బాగున్నది డాప్లర్ జట్టులో. బ్యాటరీతో నడిచే ఆ చిన్న పరికరం చప్పుడును తల్లికి కూడా వినిపిస్తుంది, నొప్పి మధ్యలోనూ పనిచేస్తుంది. చివరి రెండు జట్లనూ ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. గొట్టం ఒక్కటే. తీరిక ఉన్న మనిషికీ లేని మనిషికీ మధ్య 15కు 9 తేడా వచ్చింది.

ఇక రెండో ప్రశ్న: ఎన్నాళ్లు ఆగాలి?

చివరి నెలసరి మొదటిరోజు నుంచి 280 రోజులు లెక్కగట్టి డ్యూ డేట్ ఇస్తారు. తొలి మూడు నెలల్లో తీసిన స్కానింగ్‌తో ఆ లెక్కను సరిచూస్తారు. 40 వారాలు దాటి 41, 42కు వెళ్లేకొద్దీ బిడ్డ కడుపులోనే చనిపోయే ప్రమాదం పెరుగుతుంది. ఆ ప్రమాదం మొత్తమ్మీద చిన్నదే, కానీ అది ఎదురైన తల్లికి చిన్నది కాదు. నొప్పులు తెప్పిస్తే ఆ ప్రమాదం తప్పించవచ్చు. అయితే ఎప్పుడు?

చాలాకాలంపాటు స్వీడన్ 42 వారాల వరకు ఆగేది. 41కే తెప్పిస్తే మేలా అని తేల్చుకోవడానికి అక్కడి 14 ఆసుపత్రులు పది వేలమంది తల్లులతో ఒక అధ్యయనం తలపెట్టాయి. 2,760 మంది దగ్గరే, 2018లో, దాన్ని ఆపేయాల్సి వచ్చింది. 42 వారాల వరకు ఆగిన జట్టులో ఆరుగురు పిల్లలు చనిపోయారు, ఐదుగురు కడుపులోనే, ఒకరు పుట్టిన కొద్ది రోజులకే. 41 వారాలకు నొప్పులు తెప్పించిన జట్టులో ఒక్కరూ చనిపోలేదు. ఇంకా కొనసాగించడం అన్యాయమని పర్యవేక్షకులు అన్నారు. రెండు జట్లలోనూ సిజేరియన్ల సంఖ్యలో చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇందులో మరో సంగతి ఉంది. 41 వారాలకు అందరికీ స్కానింగ్ చేసే అలవాటున్న స్టాక్‌హోం ప్రాంతంలో మరణాలు నమోదు కాలేదు. అంటే వేచి ఉన్నా, చూస్తూ వేచి ఉండటం వేరు, ఊరికే వేచి ఉండటం వేరు అని కొందరు వైద్యులు వాదిస్తున్నారు. ఏమైనా 41 వారాలకు నొప్పులు తెప్పించడాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తోంది. ఆ విషయంలో నాకు సందేహం లేదు.

అమెరికా ఇంకా ముందుకు జరిగింది. 41 ఆసుపత్రుల్లో, తొలిచూలు గర్భిణులు 6,106 మందితో చేసిన అరైవ్ అధ్యయనం 2018లో వచ్చింది. ఏ ఇబ్బందీ లేకపోయినా 39వ వారంలోనే నొప్పులు తెప్పిస్తే సిజేరియన్లు 22.2 శాతం నుంచి 18.6 శాతానికి తగ్గాయి. అంటే 28 మందికి తెప్పిస్తే ఒక ఆపరేషన్ తప్పుతుందన్నమాట. పిల్లల ఆరోగ్యంలో మాత్రం నమ్మకంగా చెప్పగల తేడా తేలలేదు. 1990లో అమెరికాలో పదింట ఒక కాన్పుకు నొప్పులు తెప్పించేవారు, 2020 నాటికి అది దాదాపు మూడింట ఒకటయింది. పురుడు పోయడానికి డాలస్‌కో, న్యూజెర్సీకో వెళ్లిన మన తల్లులు, "ఇంకా వారం టైముంది కదమ్మా, ఇప్పుడే ఎందుకు చేర్చుకుంటున్నారు?" అని కూతుళ్లను అడిగేది దీనివల్లే.

అరైవ్ గురించి ఒక హెచ్చరిక చేయాలి. అందులో చేరడానికి అర్హులైన తల్లుల్లో ఒప్పుకున్నది సుమారు 27 శాతమే. పాల్గొన్న ఆసుపత్రులు ఓపికగా ఉండాలని ముందే నిర్ణయించుకున్నాయి. ఉమ్మనీరు పోయాక కనీసం 12 గంటలైనా చూడనిదే నొప్పులు ఫలించలేదని ప్రకటించకూడదన్నది పద్ధతి. పొద్దున మందు పెట్టి, సాయంత్రానికి "నొప్పులు రావడం లేదు, ఆపరేషన్ చేసేద్దాం" అనే చోట అరైవ్ ఫలితాలు రావు. అక్కడ ఇదే 39వ వారం సిజేరియన్లను తగ్గించకపోగా పెంచవచ్చు. మందు ఒక్కటే ఎగుమతి అయి, ఓపిక ఎగుమతి కాకపోతే జరిగేది అదే.

బ్రిటన్‌లో 2021లో మరో వివాదం చెలరేగింది. నల్లజాతి, ఆసియా తల్లులకు 39 వారాలకే నొప్పులు తెప్పించే విషయం ఆలోచించవచ్చని నైస్ ముసాయిదాలో రాసింది. ఆ తల్లుల్లో బిడ్డ కడుపులో చనిపోయే ప్రమాదం ఎక్కువగా ఉందన్నది వాళ్ల ఆధారం. మిడ్‌వైఫ్‌లు, తల్లుల సంఘాలు గట్టిగా అభ్యంతరం చెప్పాయి. ప్రమాదానికి కారణం చర్మం రంగా, లేక అందుతున్న సేవల్లో లోటా అని నిలదీశాయి. తుది ప్రతిలో ఆ సిఫారసు తీసేశారు. ప్రమాదం ఎక్కువన్న సంగతిని మాత్రం అలాగే చెప్పారు. ఈ చర్చ మనకు దూరమైంది కాదు. లండన్‌లో సహజంగా నొప్పులొచ్చిన లక్షా 22 వేలకు పైగా కాన్పులను పరిశీలించిన ఒక అధ్యయనం 2004లో వచ్చింది. తెల్లజాతి తల్లుల కాన్పుకు మధ్యస్థ సమయం 40 వారాలు, నల్లజాతి, దక్షిణాసియా తల్లులకు 39 వారాలు అని అందులో తేలింది. 280 రోజుల లెక్క అందరికీ ఒకేలా అతకదేమోనని దాని సూచన. భారతీయ స్త్రీలలో 40 వారాలు దాటాక ఎంతకాలం ఆగడం క్షేమమన్నది భారతదేశంలోనే పెద్ద అధ్యయనాలతో తేలాలి. స్వీడన్ వారం మనకు సరిపోతుందనీ, అమెరికా వారం సరిపోతుందనీ ముందుగానే అనుకోవడానికి లేదు.

నొప్పులు తెప్పించడానికి వాడే వస్తువుల్లోనూ దేశాల మధ్య ఎంతో తేడా ఉంది. పాతది ఆక్సిటోసిన్. మెదడు అడుగునుండే పిట్యూటరీ గ్రంథి రసానికి గర్భసంచిని బిగించే శక్తి ఉందని 1906లో హెన్రీ డేల్ చూపించాడు. 1953లో విన్సెంట్ డు విన్యో ఆ హార్మోనును ప్రయోగశాలలో తయారుచేశాడు, 1955లో నోబెల్ అందుకున్నాడు. మన రైతులకు ఇది కొత్త మందు కాదు. గేదె చేపకపోతే కొందరు చాటుగా పొడిచే సూది ఇదే. ఆ దుర్వినియోగం ఆపడానికే 2018లో కేంద్రప్రభుత్వం ఆక్సిటోసిన్ తయారీని ఒక్క ప్రభుత్వ సంస్థకే పరిమితం చేయబోయింది. కాన్పు తర్వాత రక్తస్రావాన్ని ఆపే ప్రాణాధారమైన మందు కరువవుతుందనే ఆందోళన వచ్చింది, ఆ డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది.

ఈ మందును చుక్కలు చుక్కలుగా, కొలిచి ఇవ్వాలి. పంపు ఉన్నచోట మోతాదు హద్దు దాటదు. పంపు లేనిచోట సెలైన్ గొట్టంలో చుక్కలు లెక్కబెడతారు. తల్లి చెయ్యి కాస్త కదిపితే చుక్కల వేగం మారిపోతుంది. పది నిమిషాల్లో ఐదుకు మించి నొప్పులొస్తే బిడ్డకు కోలుకునే విరామం దొరకదు. అందుకే యంత్రం వద్దన్న ఇంగ్లండ్ కూడా, ఆక్సిటోసిన్ ఎక్కిస్తున్న తల్లికి సీటీజీ తప్పనిసరిగా పెట్టమంటుంది. ఇక్కడ యంత్రం అవసరమే. త్వరగా కాన్పు కావాలని కండకు నేరుగా ఆక్సిటోసిన్ సూది వేయించే అలవాటు మన దేశంలో కొన్నిచోట్ల ఇంకా ఉంది. ఒకసారి లోపలికి పోయిన మోతాదును వెనక్కి తీసే దారి లేదు. గర్భసంచి చిరిగి తల్లీ బిడ్డా ఇద్దరూ పోయే పని అది. ఎవరు చేసినా తప్పే.

మిసోప్రోస్టాల్ కథ వేరు. కడుపులో పుండ్లకు వచ్చిన 200 మైక్రోగ్రాముల మాత్ర అది. గర్భసంచి ముఖద్వారాన్ని మెత్తబరచి నొప్పులు తెప్పించే గుణం దానికుందని తెలిశాక ప్రపంచమంతా వాడటం మొదలుపెట్టింది. నొప్పులకు కావలసింది 25 మైక్రోగ్రాములే కాబట్టి మాత్రను బ్లేడుతో ఎనిమిది ముక్కలు చేసేవారు. ముక్కలన్నీ సమానంగా వస్తాయన్న హామీ ఎవరికీ లేదు. ఫ్రాన్స్‌లో ఈ వాడకంపై వచ్చిన వివాదాల తర్వాత 2018లో పుండ్లకు అమ్మే ఆ మాత్ర మార్కెట్ నుంచి వెళ్లిపోయింది. భారత్‌లో 25 మైక్రోగ్రాముల మాత్రే దొరుకుతుంది, ఫ్రిజ్ అక్కర్లేదు, ధర కొద్ది రూపాయలు. నెదర్లాండ్స్ మాత్రం మందులేని మార్గం వైపు మొగ్గింది. మూత్రానికి వాడే ఫోలీ గొట్టాన్ని గర్భసంచి ముఖద్వారం గుండా పంపి, కొసనున్న బుడగలో 30 మిల్లీలీటర్ల నీరు నింపుతారు. ఆ ఒత్తిడికి ద్వారం నెమ్మదిగా తెరుచుకుంటుంది. 824 మంది తల్లులతో చేసిన డచ్ అధ్యయనం 2011లో వచ్చింది. నొప్పులు తెప్పించే మందు జెల్ పెట్టినా బుడగ పెట్టినా సిజేరియన్లు ఇంచుమించు సమానమేనని, బుడగతో తల్లికీ బిడ్డకూ దుష్ప్రభావాలు తక్కువని అందులో తేలింది.

మిసోప్రోస్టాల్, బుడగ ఈ రెంటిలో మనలాంటి చోట ఏది మేలు? ఆ జవాబు నాగ్‌పూర్ నుంచి వచ్చింది. అక్కడి రెండు ప్రభుత్వాసుపత్రుల్లో, బీపీ పెరిగిన 602 మంది గర్భిణులతో చేసిన అధ్యయనం 2017లో లాన్సెట్‌లో అచ్చయింది. రెండు గంటలకోసారి 25 మైక్రోగ్రాముల మిసోప్రోస్టాల్ మింగిన తల్లుల్లో 57 శాతం మందికి, బుడగ పెట్టినవారిలో 47 శాతం మందికి 24 గంటల్లోపు మామూలు కాన్పు అయింది. మన వార్డుల్లో, మన తల్లులతో, మన మందుతో తేల్చుకున్న జవాబిది. ఇలాంటివి ఇంకా పది కావాలి. ఒక మాట మరవకూడదు: ఇంతకుముందు సిజేరియన్ అయిన తల్లికి మిసోప్రోస్టాల్ ఇవ్వకూడదు, పాత కుట్టు విచ్చుకుపోయే ప్రమాదముంది.

తెలుగు రాష్ట్రాల లెక్కలు చూస్తే, నొప్పులు ఎలా తెప్పించాలన్న చర్చ చాలామందికి వర్తించే దశ కూడా దాటిపోయింది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. దేశ సగటు 21.5. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రుల్లో అది 81.5 శాతం. ముహూర్తం పెట్టించుకుని వచ్చే కుటుంబాలు ఉన్నాయి, నిజమే. నొప్పులంటే భయపడే తల్లులూ ఉన్నారు. కానీ వందకు ఎనభై ఆపరేషన్లను కుటుంబాల మీదికి నెట్టేయలేం. రాత్రంతా నొప్పులు పడే తల్లి పక్కన కూర్చోవడానికి మనిషి లేనప్పుడు, గీత కాస్త వంకర పోగానే "బిడ్డ గుండె తగ్గుతోంది, సంతకం పెట్టండి" అనడం సులువు. ఆ మాట విన్నాక ఏ తండ్రి, ఏ అమ్మమ్మ కాదనగలదు?

ఆ మనిషిని తయారుచేసే పని మన దగ్గర మొదలైంది. హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యూనిసెఫ్ సాయంతో తెలంగాణ ప్రభుత్వం 2017లో నర్సులకు మిడ్‌వైఫరీ శిక్షణ ప్రారంభించింది. 2018 డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు విడుదల చేసింది. లేబర్ రూములోకి తోడుగా ఒక ఆడమనిషిని అనుమతించాలని ప్రభుత్వాసుపత్రులకు 2016లోనే సూచించింది. 17 దేశాల్లో 15 వేలకు పైగా తల్లులపై జరిగిన 26 అధ్యయనాలను కలిపి చూస్తే, నొప్పుల సమయమంతా తోడున్న తల్లుల్లో సిజేరియన్లు తగ్గాయి, మామూలు కాన్పులు పెరిగాయి. వైద్య చదువు లేని తోడుతో కూడా మేలు కనబడింది. అమ్మను గది బయట బెంచీమీద కూర్చోబెట్టి, లోపల కూతురికి యంత్రం కట్టే మన పద్ధతికి శాస్త్రం నుంచి ఏ మద్దతూ లేదు.

మీ ఇంట్లో కాన్పు దగ్గరపడుతుంటే కొన్ని మాటలు ముందే మాట్లాడుకోండి. తొలి స్కానింగ్ కాగితం జాగ్రత్తగా దాచండి, వారాల లెక్కకు అదే ఆధారం. నొప్పులు తెప్పిస్తామంటే ఎందుకు, ఇప్పుడే ఎందుకు, ముఖద్వారం ఎంత మెత్తబడింది, మందుకు ఎంత సమయమిస్తారు అని అడగండి. బీపీ, షుగర్, ఉమ్మనీరు తగ్గడం, 41 వారాలు దాటడం లాంటి కారణం చెబితే సంకోచించకుండా ఒప్పుకోండి. గుండె ఎంతసేపటికోసారి వింటారో, ఎవరు వింటారో, తోడుగా ఒకరిని ఉండనిస్తారో లేదో చేరకముందే తెలుసుకోండి. చెవితో విన్నా యంత్రంతో విన్నా అది ఆసుపత్రికి చేరాక సంగతి. ఇంట్లో ఉండగా బిడ్డ కదలికలు తగ్గినట్టు అనిపిస్తే తెల్లారేదాకా ఆగకండి, ఎవరినీ సలహా అడుగుతూ కూర్చోకండి, ఆ గంటలోనే ఆసుపత్రికి వెళ్లండి.